డెక్ అతికించక ముందే తేల్చుకోండి

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరు నుంచి మనవరాలికి తెరచాప పడవ కిట్ పంపాడు. పడవ పొడవు 60 సెంటీమీటర్లు, తెరచాప కట్టే కొయ్య ఎత్తు 90. లేజర్‌తో కోసిన ప్లైవుడ్ ఫ్రేములు, బాల్సా అనే తేలికపాటి చెక్క పట్టీలు, నాలుగు పేజీల సూచనలు ఉన్నాయి. అంతా అయ్యాక బరువు కిలోన్నర ఉండాలని, అందులో 700 గ్రాములు అడుగున కట్టే సీసమని, దాన్ని మనమే సమకూర్చుకోవాలని రాశారు. రేడియో కంట్రోల్ కావాలంటే విడిగా కొనుక్కోవాలట. ముందు మామూలుగా కట్టేసి, పిల్ల పరీక్షలయ్యాక రేడియో పెడదామనుకుంటున్నాం. కుదురుతుందా? తెరచాప పొందూరు ఖద్దరుతో కుట్టిద్దామని మా ఆవిడ అంటోంది. కట్టాక నాగావళిలో వదలొచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, రేడియో ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. దానికి చోటు మాత్రం ఇప్పుడే కట్టాలి. డెక్, అంటే పడవ పైకప్పు పలక, అతికించాక ఆ సైజు పడవలో చెయ్యి దూరదు. సర్వోలు (రేడియో చెప్పినట్టు చుక్కానిని, తాడును కదిపే చిన్న మోటార్లు) కూర్చునే బల్ల, చుక్కాని కడ్డీ తిరిగే గొట్టం, తెరచాప తాడు పైకొచ్చే రంధ్రం, తీసిపెట్టే మూత, ఈ నాలుగూ ముందు లేకపోతే తర్వాత డెక్ కోయాల్సిందే. కోసిన డెక్ మళ్లీ నీళ్లు పట్టకుండా మూయడం చాలా కష్టం. రేడియో సామాను లేకపోయినా చోటు కట్టడానికి పట్టేది ఒక పూట పని, చారెడు ప్లైవుడ్ ముక్క. ఖద్దరు, నాగావళి సంగతులకు తర్వాత వస్తాం.

ముందు డొల్ల, అంటే పడవ ఒళ్లు. ఫ్రేములను పలక నుంచి విడదీశాక లేజర్ మాడ్చిన నల్లటి అంచును 180 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దండి, ఆ మసి మీద జిగురు సరిగా పట్టదు. పని చేసే బల్ల వంకర లేకుండా ఉండాలి. ఇంట్లో వంటగట్టుకు వాడగా మిగిలిన గ్రానైట్ ముక్క ఉంటే అంతకన్నా మంచిది లేదు, దాని మీద పాలిథీన్ పరిచి పని మొదలుపెట్టండి. వెన్నుపట్టీని నిలబెట్టి ఒక్కో ఫ్రేమును మూలమట్టంతో చూసి అతికించండి. జిగురు లేకుండా ఒకసారి అన్నీ కూర్చి, ముక్కు నుంచి తోక వైపు ఒక కన్ను మూసి చూస్తే ఏ ఫ్రేము పక్కకు ఒరిగిందో తెలిసిపోతుంది.

ఫ్రేముల అంచులు కూడా పట్టీ వాలుకు సరిపడా ఏటవాలుగా ఉండాలి. నలుచదరపు కర్రకు 120 నంబరు కాగితం అంటించి, ఒకేసారి మూడు నాలుగు ఫ్రేములకు తగిలేలా పొడవుగా రుద్దండి. ఒక్కో ఫ్రేమునే విడిగా రుద్దితే గుంటలు పడతాయి, పట్టీలు పెట్టాక అవే బయటికి కనిపిస్తాయి.

పట్టీలు డెక్ అంచు దగ్గర మొదలుపెట్టి అడుగు వైపు రావాలి. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, ఈ వరస తప్పకూడదు. కిట్ పడవలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒక పక్క నాలుగైదు పట్టీలు వేసేసి ఆరనిచ్చి రెండో పక్కకు వెళితే, జిగురు ఆరుతూ లాగే బిగువుకు డొల్ల అరటికాయలా వంగుతుంది. ఆ వంకర ఆరాక తీయలేం, ఆ పడవ జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. ముక్కు దగ్గర పట్టీ వంగకపోతే గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, బట్టల క్లిప్పులతో ఫ్రేములకు పట్టించి, రాత్రంతా ఆరనిచ్చి, పొడిగా అయ్యాకే జిగురు పెట్టండి. తడి మీద అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులు పడతాయి. అడుగుకు వచ్చేసరికి పట్టీలు ముక్కు వైపు, తోక వైపు ఒకదాని మీదకొకటి ఎక్కుతుంటాయి. బలవంతంగా తొయ్యకండి. ప్రతి పట్టీ రెండు కొసలూ సన్నగా చెక్కుకుంటూ రండి.

జిగురు విషయంలో మామూలు ఫెవికాల్ వద్దు, అది ఆరాక కూడా తడి తగిలితే మెత్తబడుతుంది. ఫెవికాల్ మెరైన్ తీసుకోండి. ఫెవిక్విక్ కేవలం ముక్కను నిలబెట్టుకోవడానికి చుక్కగా వాడండి, దాని అతుకు పెళుసు, దెబ్బ తగిలితే ఊడుతుంది. పడవ కిందికి దిగి సీసాన్ని మోసే అడుగు రెక్క, చుక్కాని గొట్టం, కొయ్య కూర్చునే చోటు వంటి బరువు మోసే అతుకులకు నిదానంగా గట్టిపడే అరల్డైట్. ఐదు నిమిషాల రకం అక్కడ వాడకండి.

మన తీరంలో జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ ఎక్కువ. బాల్సా ఆ తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఫిబ్రవరికి ఆరి పట్టీల మధ్య సన్నని గీతలు తెరుచుకుంటాయి. అందుకని పట్టీలను వాడేదాకా కవర్లోంచి తీయవద్దు. డొల్ల పూర్తవగానే లోపల కూడా పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) ఒక పూత పుయ్యాలి. బయట రంగు వేస్తాం కదా అని లోపలి పూత మానేసేవాళ్లే ఎక్కువ. నీళ్లు మూత సందులోంచి లోపలికే వస్తాయి, చెక్క నానేది లోపలి నుంచే.

బయటికి చదరపు మీటరుకు 50 గ్రాముల పల్చటి గ్లాసు గుడ్డ (గాజుపోగుల నేత), దాని మీద ఎపాక్సీ. ఇక్కడ ముందే ఒక మాట. కళింగపట్నం, భావనపాడు వైపు ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర మందపాటి ఫైబర్ మ్యాట్, పాలిస్టర్ రెజిన్ దొరుకుతాయి, ఎవరో ఒకరు అది వాడమని తప్పక చెబుతారు. సముద్రం మీదకు వెళ్లే పడవకు అది సరైన సామాను, మీ పడవకు కాదు. మీ డొల్ల బయటి వైశాల్యం సుమారు 0.15 చదరపు మీటర్లు. 300 గ్రాముల మ్యాట్ వేస్తే మ్యాట్, అది తాగే రెజిన్ కలిసి 150 గ్రాములు దాటుతుంది. పల్చటి గుడ్డతో 25 గ్రాముల్లో పని అయిపోతుంది. మొత్తం కిలోన్నర పడవలో పైభాగాన 125 గ్రాములు అనవసరంగా పెరిగితే పడవ లోతుగా కూర్చుంటుంది, గాలికి తేలిగ్గా ఒరుగుతుంది. పైగా పాలిస్టర్ రెజిన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది, అది మనకు లోపల కావాలి. ఎపాక్సీ కలిపేటప్పుడు డబ్బా మీద రాసిన పాళ్లను చిన్న కాటా మీద తూచి కలపండి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. వానాకాలంలో ఆరిన పూత మీద మైనంలాంటి పొర తేలుతుంది. సబ్బునీళ్లతో కడిగి తుడిచాకే ఉప్పుకాగితం పట్టండి, లేకపోతే రంగు పొక్కులు లేస్తుంది.

ఇక సీసం. 700 గ్రాముల సీసం 62 ఘనసెంటీమీటర్లు. అదే బరువు ఇనుము 90 దాకా అవుతుంది, తుప్పు కూడా పడుతుంది, అందుకే సీసం. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది కాబట్టి ఇంటి పొయ్యి మీద కరిగించొచ్చని అనిపిస్తుంది. ఆ పని చేయకండి. పొగ విషం, అచ్చులో ఒక్క నీటి చుక్క ఉన్నా కరిగిన సీసం మన మీదకు చిమ్ముతుంది, పక్కన పిల్ల ఉంటుంది. కరిగించకుండా చేసే దారి ఉంది. విసురు వలకు కట్టే సీసం గుళ్లలో సన్నవి వలల సామాను అమ్మేచోట కొనండి. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పీవీసీ గొట్టం 20 సెంటీమీటర్లకు పైన ఇంకొంచెం ఉండేలా కోసి, పొడవునా ఒక పక్క చీల్చి, లోపల గ్రీజు రాయండి. గుళ్లను అరల్డైట్‌తో కలిపి, మూడు నాలుగు విడతలుగా కూరుతూ కర్రతో అదమండి. చీలిక పైకి ఉండేలా పడుకోబెట్టి, రెక్క కొసను ఆ చీలికలోంచి లోపలికి దించి, నిటారుగా నిలబెట్టి ఆరనివ్వండి. సన్న గుళ్లయితే సుమారు 20 సెంటీమీటర్ల నిండుకు 700 గ్రాములు వస్తుంది, లావు గుళ్లయితే మధ్య ఖాళీలు పెరిగి గొట్టం పొడవు పెంచాలి. తూచి చూసుకోవడమే మార్గం. మర్నాడు గొట్టం విప్పి, ముందు కొస గుండ్రంగా, వెనక కొస సన్నగా ఎం-సీల్‌తో తీర్చండి. గుళ్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి, వంటింటి గిన్నెలు ఈ పనికి వాడకండి.

చుక్కాని గొట్టానికి 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, అది వదులు లేకుండా తిరిగే ఇత్తడి గొట్టం చాలు. గొట్టం పై కొస డెక్ దాకా వెళ్లాలి, కనీసం నీటిగీత కంటే 3 సెంటీమీటర్లు పైన ఆగాలి. అడుగు పలక మందం మేరకే గొట్టం పెట్టి ఆపేస్తే కడ్డీ చుట్టూ నీళ్లు ఎగదన్ని లోపలికి చేరతాయి. కడ్డీకి గ్రీజు రాసి దించండి.

రేడియో సామాను ఇది: రెండు చానళ్లు చాలు, ఒకటి చుక్కానికి, ఒకటి తెరచాపలకు. మన దగ్గర దొరికేవి ఎక్కువగా ఆరు చానళ్ల 2.4 గిగాహెర్ట్‌జ్ సెట్లు, ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటివి. మిగతా చానళ్లు ఊరికే ఉంటాయి, నష్టం లేదు. చుక్కానికి ఎంజీ90ఎస్ సైజు చిన్న సర్వో, తెరచాపలకు ఎంజీ996ఆర్ లాంటి పెద్ద సర్వో. నాలుగు ఏఏ రీచార్జబుల్ సెల్‌లతో 4.8 వోల్టులు వస్తాయి. చదరపు 9 వోల్ట్ బ్యాటరీ పెట్టకండి, పడవలో సిగ్నల్ అందుకునే రిసీవరుకు అది ఎక్కువ వోల్టేజి, సర్వో అడిగే కరెంటు అది ఇవ్వలేదు కూడా. అన్నీ కలిపి 200 గ్రాముల పైచిలుకు. రేడియో కొనేదాకా అదే బల్ల మీద 200 గ్రాముల ఇసుక పొట్లం కట్టి ఉంచండి. అప్పుడు నీటిగీత మారదు, తర్వాత సామాను పెట్టినప్పుడు పడవ కొత్తగా ప్రవర్తించదు.

ప్రత్యేకమైన తెరచాప వించ్ (తాడు చుట్టే మోటారు) కొనాలా అంటే ఈ సైజుకు అక్కర్లేదు. లెక్క చూడండి. పెద్ద తెరచాప కింది అంచును పట్టుకునే కర్ర బూమ్. ఆ బూమ్‌కు తాడు కట్టేచోటు కొయ్య నుంచి 14 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, బూమ్ పక్కకు 80 డిగ్రీలు తెరుచుకోవడానికి సుమారు 18 సెంటీమీటర్ల తాడు వదలాలి. సర్వోకు 7 సెంటీమీటర్ల చెయ్యి బిగిస్తే 90 డిగ్రీల తిరుగుడులో దాని కొస 10 సెంటీమీటర్లు కదులుతుంది. తాడు ఒక కొసను పడవకు కట్టి, చెయ్యి కొసనున్న కన్నం గుండా తిప్పి వెనక్కి తెస్తే ఆ కదలిక రెట్టింపై 20 అవుతుంది. బలం సగమవుతుంది. 4.8 వోల్టుల దగ్గర ఆ సర్వో బలం సెంటీమీటరు దూరంలో సుమారు 9 కిలోలు. 7 సెంటీమీటర్ల దగ్గర అది కిలో మూడొందల గ్రాములకు తగ్గి, తాడు రెట్టింపయ్యాక 650 గ్రాములు మిగులుతుంది. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో మీ తెరచాపల మీద పడే మొత్తం తోపు 400 గ్రాముల లోపే. గాలి రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, ఆ గాలిలో పడవను దింపకండి.

చెయ్యి నమూనా అట్టముక్కతో కోసి, సర్వో బల్ల మీద గుచ్చి, తిరిగినంత మేరా పక్క పట్టీలకు తగలకుండా ఉందో లేదో డెక్ వేయక ముందే చూడండి. తగిలితే సర్వోను మధ్యగీత నుంచి పక్కకు జరపాలి. ముందు చిన్న తెరచాపకు కూడా అదే తాడు చీల్చి కడతారు. దాని బూమ్ తిరిగే బిందువు నుంచి తాడు కట్టేచోటుకు దూరం కూడా 14 సెంటీమీటర్లే ఉండాలి, అప్పుడే రెండూ ఒకే కోణంలో తెరుచుకుంటాయి. తాడు పూర్తిగా లాగినప్పుడు సర్వో గుర్రుమంటూ ఉంటే చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో ఆ కొస పరిమితి తగ్గించండి. ఆ చప్పుడు ఆగకుండా వదిలేస్తే బ్యాటరీ గంటలో ఖాళీ అవుతుంది, సర్వో మాడుతుంది.

రిసీవరు గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, యాంటెనా తీగ నీటిగీతకు పైన. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం నీళ్లలో పోదు, యాంటెనా అడుగున పడి ఉంటే గట్టు మీద బాగా పనిచేసిన పడవ చెరువు మధ్యలో మొరాయిస్తుంది. బ్యాటరీ మాత్రం వీలైనంత కిందన, రెక్క దగ్గర.

మూత 10 సెంటీమీటర్ల పొడవు, మీ చెయ్యి దూరేంత వెడల్పు. దాని చుట్టూ 5 మిల్లీమీటర్ల ఎత్తు గట్టు కట్టి, మూత పెట్టాక వెడల్పాటి టేపు అంటించండి. ముక్కులో, తోకలో థర్మోకోల్ ముక్కలు కూరండి, రెండూ కలిసి లీటరు పరిమాణం ఉండాలి. పడవ నీళ్లతో నిండినా చెక్క దాని మటుకు అది తేలుతుంది. ముంచేది సీసం, బ్యాటరీ, సర్వోలు. నీళ్లలో వాటి నికర బరువు 800 గ్రాముల దాకా ఉంటుంది, లీటరు థర్మోకోల్ దాన్ని మోస్తుంది. ఇప్పుడు డెక్ అతికించండి.

తెరచాపల సంగతికి వస్తే, వాలుగ చేప దవడతో పత్తి దువ్వి చేత్తో వడికిన పొందూరు ఖద్దరును చెరువు నీళ్లలో ముంచడానికి మనసెలా ఒప్పుతుంది! అది అలా ఉంచినా, నూలు గుడ్డ గాలిని తనలోంచి పోనిస్తుంది, తడిస్తే బరువెక్కి సాగుతుంది, ఆరాక మొదటి ఆకారానికి రాదు. కొయ్య మీద 90 సెంటీమీటర్ల ఎత్తున తడిగుడ్డ బరువు ఉంటే అడుగునున్న సీసం చేసే పనిలో కొంత వృథా. అమ్మగారి మాట కూడా పోకుండా ఒక పని చేయండి. షోకేసులో నిలబెట్టేటప్పుడు తగిలించడానికి ఖద్దరుతో ఒక జత, నీళ్లకు 50 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్‌తో ఒక జత. డ్రాయింగుకు వాడే ఫిల్మ్ అయినా సరిపోతుంది. కత్తిరించేటప్పుడు వెనక అంచు గీత గీసినట్టు ఉండాలి. బూమ్ మీద కింది అంచును బిగదీయకుండా, పొట్ట లోతు వెడల్పులో పదో వంతు ఉండేలా వదులివ్వండి. పలకలా బిగిసిన తెరచాప తక్కువ గాలిలో పనిచేయదు.

కొయ్యను నిలబెట్టే తాళ్లకు చేపల గేలానికి వాడే అల్లిక దారం వాడండి. ఒంటిపోగు నైలాను సాగుతుంది, ఎండలో మరీ. బిగువు సవరించడానికి మూడు రంధ్రాలు పొడిచిన ప్లాస్టిక్ ముక్క చాలు, చొక్కా గుండీ కూడా పనికొస్తుంది.

మొదట ఇంటి దగ్గరే నీళ్ల తొట్టిలో తేల్చి, ముక్కు, తోక సమంగా ఉన్నాయో చూడండి. తోక దిగితే బ్యాటరీని ముందుకు జరపండి. చెరువులో వదిలాక, చుక్కాని తిన్నగా ఉంచినా పడవ పదేపదే గాలికి ఎదురు తిరిగి ఆగిపోతుంటే కొయ్యను కొద్దిగా ముందుకు వంచండి, గాలి నుంచి పక్కకు పారిపోతుంటే వెనక్కి. ఒకసారికి కొయ్య కొస దగ్గర సెంటీమీటరు మించి మార్చవద్దు. కొంచెం గాలి వైపు తిరిగే గుణం ఉండటమే మంచిది, సిగ్నల్ పోయినా దానంతటదే ఆగుతుంది. రేడియో లేకుండా వదిలేటప్పుడు చుక్కానిని రబ్బరు బ్యాండుతో మధ్యలో నిలిపి, అవతలి గట్టున ఒక మనిషిని పెట్టుకోండి.

నాగావళిలో వద్దు. మీ పడవ నీటిగీత పొడవు 55 సెంటీమీటర్లనుకుంటే దాని వేగం సెకనుకు మీటరు దాటదు. ఏరు అంతే వేగంతో పారుతుంటే పడవ ముక్కు ఎటు తిప్పినా కళ్లేపల్లి వైపే పోతుంది, అక్కడ సముద్రమే. పైన ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. వేసవిలో నీరు నిదానంగా ఉన్నా ఇసుక మేటలకు అడుగు రెక్క తగులుతుంది, ఆ రెక్కకు 40 సెంటీమీటర్ల లోతైనా కావాలి. కళింగపట్నం బీచ్ అసలే కాదు, అలల్లో కొయ్య మొదటి నిమిషంలోనే విరుగుతుంది.

మీకు కావాల్సింది నిలువ నీరు, తెరిపి గట్టు. మీ దగ్గరలోని ఊరి చెరువు ఏదైనా, గుర్రపుడెక్క లేనిది చూసుకోండి. ఆ కాడలు రెక్కకు చుట్టుకుంటే పడవ అక్కడే ఉండిపోతుంది. విజయనగరం వెళ్లే పని ఉంటే కోట దగ్గరి పెద్ద చెరువు ఉంది. ఇళ్ల మధ్య ఉండే అయ్యకోనేరు లాంటి చోట గాలి సందుల్లోంచి ఆగి ఆగి, దిక్కు మార్చుకుంటూ వస్తుంది, నేర్చుకునే పిల్లకు అది చికాకు. వేసవిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి జోరందుకుంటుంది, మొదటి కొన్నాళ్లు ఉదయం పూటే వెళ్లండి. ఆకులు కదులుతూ కొమ్మలు ఊగని గాలి చాలు.

గాలి ఏ గట్టు వైపు వీస్తుందో ఆ గట్టున నిలబడండి, ఏది పాడైనా పడవ కొట్టుకుని మీ దగ్గరికే వస్తుంది. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి తర్వాత పడవ, ఆపేటప్పుడు ముందు పడవ. సిగ్నల్ పోతే తెరచాపలు వదులయ్యేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోండి, ఆ సెట్‌లో ఆ సౌకర్యం ఉంది. నీళ్లలో దింపే ముందు పిల్లను పడవతో గట్టు మీద వంద అడుగులు నడిపించి, చుక్కాని మీ మాట వింటోందో చూడండి. పడవ మధ్యలో ఆగిపోతే ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. చెరువు అడుగు బురద లోతు పైనుంచి తెలియదు. గేలపు దారానికి టెన్నిస్ బంతి కట్టి తీసుకెళ్లండి, పడవ అవతలికి విసిరి లాగితే కొయ్యకు తగులుకుని వస్తుంది. ఇంటికొచ్చాక టేపు పీకి, మూత తీసి, సెల్‌లు బయట పెట్టి, పడవను ఫ్యాను కింద రాత్రంతా తెరిచి ఉంచండి.